పక్క సీటు మనిషి

క్లచ్ వదలగానే కారు కప్పలా రెండు గెంతులు గెంతి ఆగిపోయింది.

"బ్రేకు, బ్రేకు! అమ్మాయ్, బ్రేకు తొక్కమంటే కళ్ళు మూసుకుంటావేం?"

పక్క సీటులోంచి అరిచింది బ్రేకక్క. డ్రైవింగ్ స్కూల్లో ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, నోరు తెరిస్తే ఆమెకు వచ్చేది ఆ ఒక్క మాటే.

కొత్త పెళ్ళికూతురు పకపకా నవ్వింది. పెళ్ళయి రెండు నెలలు. కారు ఆగినా ఆమెకు నవ్వే, కదిలినా నవ్వే.

"ఇకమీదట నన్నే నడపమన్నారక్కా మా ఆయన. తను పక్కన కూర్చుని పాటలు పెడతారట."

"పెడతాడు, పెడతాడు. ముందు అద్దంలో చూడు. వెనక ఊరంతా హారన్ కొడుతోంది."

పాఠం అయ్యాక ఫోన్లో పెళ్ళి ఫోటో చూపించింది. బ్రేకక్క కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"నువ్వు బాగున్నావు," అంది చివరికి.

"మరి ఆయనో?"

"రేపు పెందలాడే రా. రివర్స్ నేర్పుతా."

ఆ మధ్యాహ్నం ఆఫీసులో స్నేహితురాలు ఓ పుల్ల వేసింది.

"ఎవరి చేతిలో ప్రాణం పెడుతున్నావో చూసుకోవద్దటే? కోర్టు వెబ్‌సైట్లో పేరు కొట్టు. జాతకం బయటపడుతుంది."

కొత్త పెళ్ళికూతురు సరదాగా ముందు తన పేరే కొట్టుకుంది. ఏమీ రాలేదు. తర్వాత బ్రేకక్క పూర్తి పేరు కొట్టింది.

ఒక్క కేసు వచ్చింది. కిందటి ఏడాదిది. తాగి వాహనం నడిపి మనిషిని గాయపరిచిన కేసు.

పూర్తి వివరాలకు కోర్టు రికార్డు గదిలో అడగాలని అడుగున రాసి ఉంది. ఇంకేం వివరాలు కావాలి? పేరు కళ్ళెదుటే ఉంది.

డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

"అమ్మో! గేరు పట్టుకుంటే ఆ చెయ్యి వణికేది అందుకా!"

"మన చేత బ్రేకు తొక్కించి, తను గ్లాసు ఎత్తిందన్నమాట!"

ఆ జోకుకు మొదటి నవ్వు బొమ్మ పెట్టింది కూడా కొత్త పెళ్ళికూతురే.

రాత్రి భోజనాల దగ్గర భర్తకు కథంతా చెప్పింది. బ్రేకక్క పేరు వినగానే అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకొకరి గొడవ మనకెందుకు?"

"మనకెందుకేంటండీ? గ్రూపులో పెట్టేశాగా!"

"పెట్టేశావా?"

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆకలి లేదన్నాడు.

మర్నాడు సగం మంది పాఠానికి రాలేదు. స్కూలు ఓనరు బ్రేకక్కను లోపలికి పిలిచాడు. కాసేపటికి ఆమె సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది. మెట్ల మీద కొత్త పెళ్ళికూతురు ఎదురుపడింది.

"పెట్టింది నువ్వేనటగా?"

"నిజమే కదక్కా? కోర్టు వాళ్ళే రాశారు."

"ఇంట్లో మీ ఆయనకు చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"మనకెందుకు అన్నారు."

బ్రేకక్క ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది. సంచీ రెండో భుజానికి మార్చుకుంది.

"సరే. మలుపులో అద్దం చూడటం మర్చిపోతున్నావు. జాగ్రత్త."

అంతే. వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. రెండూ చేయకపోవడమే కొత్త పెళ్ళికూతురిని వేధించింది. వారం తిరక్కుండా బ్రేకక్క గది ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయిందన్నారు. ఫోన్ కలవడం లేదు.

'ఎంత శిక్ష పడిందో తెలిస్తే నా మనసు కుదుటపడుతుంది' అనుకుని, ఆఫీసుకు సెలవు పెట్టి కోర్టుకు వెళ్ళింది.

రికార్డు గదిలో గుమాస్తా ఫైలు దుమ్ము దులిపాడు.

"తాగి నడిపితే ఏం శిక్షండీ?"

"జరిమానా. లైసెన్సు కొన్నాళ్ళు ఆపేస్తారు. మనిషికి దెబ్బ తగిలితే జైలు కూడా. ఇందులో పాపం, చెయ్యి రెండు చోట్ల విరిగింది."

"మరి ఈవిడను జైల్లో ఎందుకు పెట్టలేదు?"

గుమాస్తా కళ్ళజోడు మీదుగా చూశాడు.

"బాగుందమ్మా వరస! చెయ్యి విరగ్గొట్టుకుని పైగా జైలుకు కూడా ఆవిడే వెళ్ళాలా?"

"ఆవిడ పేరే వచ్చిందిగా..."

"వెబ్‌సైట్లో పేరు కొడితే ఆ కేసులో ఉన్నవాళ్ళెవరైనా వస్తారు. గుద్దినవాడూ వస్తాడు, గుద్దించుకున్నవాళ్ళూ వస్తారు. ముద్దాయి ఇడుగో."

ఫైలు ఆమె వైపు తిప్పాడు.

ఆ పేరును ఆమె కూడబలుక్కుని చదవనక్కర్లేకపోయింది. వాళ్ళింటి తలుపు మీద ఆమె పేరు పక్కన ఉన్నది అదే.

చెవుల దాకా వేడెక్కింది. కూర్చోమని ఎవరూ అనకుండానే బల్ల మీద కూర్చుండిపోయింది.

"ఇతనికి ఏడాది పాటు లైసెన్సు ఆపేశారు. జరిమానా కట్టాడు. జైలు మాత్రం తప్పింది," అన్నాడు గుమాస్తా.

"ఎలా తప్పింది?"

"దెబ్బ తిన్నావిడే వచ్చి జడ్జిగారిని బతిమాలుకుంది. మేమంతా వద్దన్నా వినలేదు. ఇదుగో, ఆమె చెప్పిన మాటలు రాసే ఉన్నాయి."

అతను వేలు పెట్టిన చోట ఆమె చదివింది.

'అయ్యా, ఈ అబ్బాయికి పెళ్ళి కుదిరిందట. ఆ పిల్లెవరో నేనెరగను గానీ, ఏ తప్పూ చేయని ఆ పిల్ల నలుగురిలో తలదించుకునేలా చేయకండి.'