ముందు మీరు పెట్టండి

ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో తేదీ తప్పుతోంది. రోగులకు అపాయింట్‌మెంట్లు నిన్నటి తేదీతో వెళ్తున్నాయి.

సరిచేయాల్సింది ఇద్దరు, మొగుడూ పెళ్లాం. ఆయన కోడు దాచేది ఒక రిపోజిటరీలో, ఆవిడ కోడు దాచేది ఇంకో రిపోజిటరీలో. ఆవిడ మార్పు పడితే గానీ ఆయన కోడు బిల్డ్ అవదు, అంటే నడిచే ప్రోగ్రాంగా తయారవదు; ఆయన మార్పు పడితే గానీ ఆవిడదీ అవదు.

“ముందు మీరు పెట్టండి” అని ఆయన ఆఫీసు పనుల పట్టికలో టికెట్ రాశాడు. “మీరు పెట్టాకే” అని ఆవిడ బదులు రాసింది. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కూడా పదకొండు రోజులు ఇలా రాసుకున్నారు. ఇంట్లో గొడవలని ఆఫీసంతా చెవులు కొరుక్కుంది.

చివరికి మేనేజరు ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. “ఏ కాపురంలో గొడవలుండవమ్మా? కూర్చుని నోటితో మాట్లాడుకోండి.”

మాట్లాడుకున్నారు. రెండు మార్పులూ కలిపి ఒకేసారి పెట్టారు. పది నిమిషాల్లో రెండు బిల్డులూ పాసయ్యాయి.

“ఈపాటి దానికి పదకొండు రోజులా?” అన్నాడు మేనేజరు.

“మాకు గొడవేం లేదు సార్,” అంది ఆవిడ. “ఆఫీసు పని టికెట్లలో తప్ప నోటితో మాట్లాడుకోకూడదని, మా పెళ్లయిన వారమే సంతకాలు పెట్టించుకుంది మీరేగా.”

మేనేజరు ఆ సంతకాల కాగితం తీసి చూశాడు.

“సరే, ఇవాళ నోటితో మాట్లాడుకోవడం మొదటి తప్పు కాబట్టి వదిలేస్తున్నా,” అన్నాడు.