తొంభై రోజుల అరువు

ఈ నెల నుంచి అరువు లేదనీ, డబ్బు పెడితేనే ఇనుప రాడ్లు లోడు చేస్తామనీ రాడ్ల కంపెనీ సేల్స్ ఆఫీసరు నరేంద్ర అప్పలసూరికి తెగేసి చెప్పాడు.

అప్పలసూరిది భిలాయిలో చిన్న బోల్టుల వర్క్‌షాపు. ఇక్కడ రాడ్లు అరువుకు కొని, బోల్టులు చేసి, వ్యాగన్ల కంపెనీకి అరువుకే అమ్ముతాడు. వాళ్లు అరవై రోజులకు ఇచ్చిన డబ్బు తెచ్చి వీళ్లకు కడతాడు. నడుమ అతని జేబులో ఉండేది అతని చెయ్యి ఒక్కటే. రాడ్లు దొరక్కపోతే సోమవారం వర్క్‌షాపు మూసి, పదకొండు మందిని ఇంటికి పంపాలి.

బతిమాలాడు. సెక్టర్ 2లో మీ క్వార్టర్లో మీ అమ్మ చేతి పులుసు తిన్నవాణ్ణని గుర్తు చేశాడు. పులుసు పని చెయ్యలేదు.

"క్యా కరూఁ అంకుల్, పైనుంచి ఆర్డరు," అన్నాడు నరేంద్ర.

పైన అనేసరికి అప్పలసూరికి బుర్ర వెలిగింది. ముంబైలో ఒక పెద్ద ఫండుకు ఈ రెండు కంపెనీల్లోనూ బోలెడు వాటా ఉందని, బీకాం చదివే కూతురు కిరణ్మయి మొన్ననే ఫోన్లో చూపించింది.

"మీ పైనున్నోడూ, ఆ వ్యాగన్లోళ్ల పైనున్నోడూ ఒక్కడే కదేటి బాబూ. నువ్వు రాడ్లియ్యకపోతే నా కాడ బోల్టుల్లేవు. బోల్టుల్లేకపోతే ఆళ్ల వ్యాగన్లు కదలవు. నష్టం ఎవుడికి? మీ ముంబై వోడికే. ఈ మాట నువ్వు పైకి సెప్తావా, నన్ను మెయిలెట్టమంటావా?"

నరేంద్ర ఫోను పట్టుకుని బయటికి పోయాడు. అరగంటకు పళ్లికిలిస్తూ వచ్చి టీ తెప్పించాడు.

"మీ పాయింటు పైవాళ్లకు బహుత్ పసంద్ అయింది అంకుల్. అరవై కాదు, తొంభై రోజులు తీసుకోండి."

పొద్దున్నే నక్కతోక తొక్కి వచ్చానా అనుకున్నాడు అప్పలసూరి. వ్యాగన్ల వాళ్లు అరవైకే ఇస్తారు, వీళ్లకు తొంభైకి కడితే చాలు. అంటే ముప్ఫై రోజులు పరాయి సొమ్ము తన చేతిలో! బోల్టులు చేసుకునేవాడు ముంబై వాడి చెవి మెలిపెట్టాడంటే మాటలా? గేటు దగ్గర రాడ్లు లోడవుతుంటే లారీకి ఆనుకుని, ఒక సెకండ్ హ్యాండ్ లేతు మిషను చూసిపెట్టమని బ్రోకరుకు ఫోన్ చేశాడు.

ఫోను పెట్టేసరికి వ్యాగన్ల కంపెనీ నుంచి మెయిలు వచ్చి ఉంది.

"మీకు రాడ్లు తొంభై రోజుల అరువుకు దొరుకుతున్నాయని మా వాటాదారు ద్వారా తెలిసి సంతోషించాం. కాబట్టి ఇకపై మీ బిల్లులకు నూట ఇరవై రోజులకు చెల్లిస్తాం."