కనుమ మీద కుక్కరు

ఆ రోజుల్లో ప్రమోషన్ కావాలంటే హిమాలయాలెక్కి, కనుమ మీది యంత్రం నుంచి వ్యక్తిత్వ వికాస పత్రం తెచ్చుకోవాలి. మనిషిని నడిపించే బ్యాటరీ ప్యాంటు తొడుక్కుంటే చాలు, అదే ఎక్కించేది. గుమాస్తా గవర్రాజు మాత్రం వేడన్నంలో ఆవకాయ కలుపుకోవాలని, గుడారంలో ప్యాంటు ఛార్జింగు పీకేసి కరెంటు కుక్కరు పెట్టాడు. సగం కొండలో ప్యాంటు మొరాయించింది. దాన్ని భుజాన వేసుకుని, రొప్పుతూ రోజుతూ సొంత కాళ్లతో పైకి చేరాడు.

యంత్రం అతన్ని పరీక్షించి, "గుండెదడ, చెమట, కాళ్లలో వణుకు. మీరు సాహసయాత్రకు పనికిరారు" అంది.

ప్యాంటుతోనే ఎక్కి, చుక్క చెమటైనా పట్టని అతని భార్య అనసూయకు పత్రం వచ్చింది. "ఒక్కపూట అన్నం మానలేకపోయారు! దిగడానికైనా ప్యాంటుకి ఛార్జింగు పెట్టండి" అందామె.

అక్కడున్నది ఒకటే ప్లగ్గు. గవర్రాజు ప్యాంటు వైపు చూశాడు, బొబ్బలెక్కిన పాదాల వైపు చూశాడు.

"జన్మలో ఇంత ఆకలి వేయలేదే!" అంటూ కుక్కరు పెట్టాడు.