గాలా? నీళ్లా?

"గాలా? నీళ్లా? తొందరగా తేల్చు ఎజే, నీ బస్సు వెళ్లిపోతుందక్కా" అన్నాడు కొట్టు యజమాని తిలెక్.

తేలితేగా! అరగంట నుంచి బెర్మెత్ ఆ కొట్లో నిలబడి బల్లమీది రెండు అట్టపెట్టెల వంకా మార్చి మార్చి చూస్తోంది.

నరీన్ బజారులో కంప్యూటర్లు కూర్చి ఇచ్చే కొట్టు అదొక్కటే. కనుమ మీది మంచు కాపలా కేంద్రానికి బెర్మెత్ కొత్త అధికారి. తలాస్ నుంచి వచ్చి నెల కాలేదు. కొండవాలు మీది పరికరాలు రేడియోలో పంపే లెక్కలను రాత్రింబవళ్లు చూస్తూ, మంచు జారేలా ఉంటే రోడ్డు మీది సైరన్ మోగించే కంప్యూటరు కావాలామెకు. అన్నీ కుదిరాయి. దాని వేడిని గాలితో చల్లార్చాలా, నీళ్లతోనా అన్న దగ్గరే ఆగిపోయింది.

"పదేళ్లు నడవాలి తిలెక్. మళ్లీ డబ్బులివ్వరు. ఆ దారినే మా ఆయన రోజూ పిండి లారీ తోలతాడు."

"అయితే నీళ్లదే తీసుకో. వేడిని ఇట్టే లాగేస్తుంది, చప్పుడుండదు. ఆ గాలిది చూడు, ఇనప ముద్ద!"

"గాలిదే తీసుకో అమ్మాయ్."

వెనక్కి తిరిగింది. కల్పక్ టోపీ పెట్టుకున్న ముసలాయన. చేతిలో చిన్న ఫ్యాన్, గోళ్లలో నల్లటి గ్రీజు.

"లారీ తోలతావా ఆతా?" అంది బెర్మెత్.

ఆయన నవ్వాడు.

"ఆ కనుమ మీద ఆగిపోయిన లారీలు ఎన్ని చూశానో! నీళ్లు మరిగి ఆగినవి కొన్ని, గడ్డకట్టి ఆగినవి కొన్ని. గాలి చాలక ఆగింది ఒక్కటీ లేదు."

తిలెక్ పకపకా నవ్వాడు. "అక్సకాల్, పెద్దాయనా, ఇది లారీ రేడియేటర్ కాదు. ఇందులో గడ్డకట్టకుండా మందు కలుపుతారు. పైగా అక్కడ కరెంటు హీటర్ ఉంది."

"కరెంటు పోతే?"

"పోతే వస్తుంది."

"నీళ్లు తిప్పే పంపు పోతే?"

"బిష్కెక్ నుంచి తెప్పిస్తా. రెండు వారాలు."

"ఆ రెండు వారాలూ జారకుండా ఆగమని మంచుకి ఎవరు చెప్తారు? నువ్వా?"

తిలెక్ మొహం మాడింది. ముసలాయన చేతిలోది బెర్మెత్‌కు చూపించాడు.

"ఫ్యాన్ పోయిందనుకో, ఇదిగో, ఏ కొట్లో అయినా దొరుకుతుంది. స్క్రూడ్రైవర్ ఉంటే నువ్వే మార్చుకుంటావు."

బయట బస్సు హారన్ కొడుతోంది. బెర్మెత్‌కు ముసలాయన మాటే నిజమేమో అనిపించింది. కానీ రేపు పైఅధికారులు వచ్చి ఇంత డబ్బు పోసి ఈ ఇనప ముద్దా కొన్నావంటే? ఆ కంగారంతా కోపమై ఆయన మీదికి పోయింది.

"మీ కాలం వేరు ఆతా! నాకు ముందున్నాయనా ఇలాగే పాత డబ్బా పట్టుకుని వేలాడాడట. వయసైపోయిందని ఆయన్నీ, డబ్బానూ కలిపే సాగనంపారు."

ముసలాయన ఫ్యాన్‌కు డబ్బిచ్చి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

బెర్మెత్ నీళ్లదే కొంది.

ఫిబ్రవరిలో మంచు తుపాను పట్టుకుంది. రెండు రోజులు కరెంటు లేదు. బ్యాటరీ మొదటి రోజే చచ్చింది. పొయ్యి ఉన్నది పడకగదిలో, కంప్యూటరు ఉన్నది పక్క గదిలో. ఆ గదిలో చలికి మందు కలిపిన నీళ్లూ గడ్డకట్టాయి.

మూడో రోజు పొద్దున్నే కరెంటు వచ్చింది. బెర్మెత్ పరుగెత్తుకెళ్లి మీట నొక్కింది. పంపు మూలిగింది. గొట్టంలో నీళ్లు కదల్లేదు. రెండు నిమిషాల్లో కంప్యూటరు వేడెక్కి, తనంతట తానే ఆగిపోయింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగింది.

గొట్టాలను రెండు చేతులతో పట్టుకుని నోటితో ఆవిరి ఊదింది. ఏడుపొచ్చేసింది. పదింటికల్లా మొగుడు ఎర్మెక్ లారీ ఊరు దాటి కనుమ ఎక్కుతుంది. చూస్తే ఫోను పలకడం లేదు.

రోడ్డు వైపు పరుగు తీసింది. మోకాలి లోతు మంచు. పది అడుగులు కూడా పడలేదు.

అప్పుడు మోగింది, కింద ఊళ్లోంచి ఒక హారన్. ఎవరో పట్టి నొక్కి వదలనట్టు, ఆగకుండా మోగుతూనే ఉంది.

పావుగంటకి కొండవాలు మొత్తం కదిలి రోడ్డు మీదికి దిగింది. రోడ్డు మీద ఒక్క బండీ లేదు.

దారి తెరవడానికి మూడు రోజులు పట్టింది. కనపడగానే ఎర్మెక్‌ను వాటేసుకుని వదల్లేదు బెర్మెత్.

"ఎలా ఆగావు?"

"నాకేం తెలుసు! హారన్ మోగగానే పాత డ్రైవర్లంతా టక్కున బ్రేకులేశారు. నేనూ వేశా."

అడుగుతూ అడుగుతూ ఇద్దరూ ఊరి చివరి ఇంటికి వెళ్లారు. చూరు మీద లారీ హారన్ ఉంది. తలుపు తీసిన ముసలమ్మ లోపల కూర్చోబెట్టి టీ పోసింది. పొయ్యి పక్కన రెండు లారీ బ్యాటరీలు, వాటికి తగిలించిన ఒక తుప్పు పెట్టె, అందులో తిరుగుతున్న చిన్న ఫ్యాన్. గోడమీద ఫోటోలో కల్పక్ టోపీ.

బజారులో చూసిన ముసలాయనే.

"ఆతా ఏరీ? ఆయన చేతులు పట్టుకోవాలి నేను."

"నవంబరులో పోయాడమ్మా."

"మరి ఆ రోజు హారన్?"

"ఆ పెట్టే మోగించింది. రేడియోలో కొండ మాట వింటుందట. పోయే ముందు దాన్ని మాత్రం ఆపొద్దన్నాడు. దుమ్ము దులుపుతుంటాను. అంతకంటే నాకేం తెలుసు?"

బెర్మెత్ టీ కింద పెట్టి పెట్టె దగ్గరికి వెళ్లింది.

"నువ్వెవరో నాకు తెలుసులే" అంది ముసలమ్మ. "బజారు నుంచి వచ్చి నీ సంగతంతా చెప్పాడు. 'నువ్వెవరో ఆ పిల్లకు చెప్పి చావొచ్చుగా' అని ఆయన్ని తిట్టాను కూడా."

"ఏమన్నారు?"

"'నా కుర్చీలో కూర్చున్న పిల్ల అది, నేనెవరో చెబితే కడుపుమంటతో అంటున్నాననుకోదూ?' అన్నాడమ్మా."