పూతకు ఈగలు

మామిడి కొమ్మకు ముంత వేలాడుతోంది.

ముంతలోంచి కంపు. చుట్టూ పచ్చటి ఈగలు.

"చేతబడే అమ్మగారూ, సందేహం లేదు," అన్నాడు కాపలా అంకారావు, పది గజాల దూరంలోనే ఆగిపోయి.

మాణిక్యమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తలెత్తింది. తిరువూరు చుట్టుపక్కల ఒకప్పుడు బంగినపల్లి కాపంటే ఆమె తోట గురించే చెప్పుకునేవారు. మూడేళ్ళుగా పూత విరగబూస్తోంది, పిందె మాత్రం నిలవడం లేదు. ఎవరో ఏదో చేస్తున్నారని ఆమెకూ లోలోపల అనుమానమే.

గుట్ట పక్కనున్న మూడు వరసల్లోనూ చెట్టుకో ముంత. చివరి చెట్టెక్కి ఒకావిడ, కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఇంకోటి కడుతోంది.

"ఎవతివే నువ్వు? దిగు!"

"ముడేసి దిగుతానండి."

నిజంగానే ముడి వేసి, లాగి చూసుకుని, తాపీగా దిగింది.

"జోజమ్మండి. మాది వినగడప. తిరువూరు బజార్లో చేపలు కోస్తాను. ముంతల్లో ఉన్నవి చేప పేగులు, మొప్పలు. చేతబడంటే నిమ్మకాయలు కొనాలి. అంత స్తోమత నాకెక్కడిది?"

అంకారావుకు నవ్వు రాలేదు.

"నా చెట్లకు ఈ కంపేంటే?"

"ఈగల కోసమండి. నేను చేపలు కోసే చోట ఓ మామిడి చెట్టుంది. ఈగలు ముసిరే వైపు కొమ్మలు ఏటా కాయతో వంగిపోతాయి. రెండో వైపు ఉత్త ఆకులే. చూసీ చూసీ తెలిసింది, పూత మీద వాలి పిందె కట్టించేది ఈగేనని."

"తేనెటీగ అను, నమ్ముతాను. కుళ్ళు మీద వాలే ఈగా?"

"ఆ ఈగే. గుట్ట మీద అడివి ఉన్నప్పుడు ఏ కుందేలో, ఏ నక్కో చచ్చి పడేది. దాని మీద ఈగలు పుట్టేవి, మీ పూతకు దిగేవి. పూత రసం పీల్చే తేనెమంచు పురుగును సాలీళ్ళు, తొండలు, పిట్టలు ఏరుకు తినేవి. మీరు పొదలు తగలబెట్టించారు. పైగా పురుగుమందు కొట్టిస్తున్నారు. పురుగుతో పాటు అన్నీ పోయాయి. ఇంక పూతకు ఎవరొస్తారండి?"

"నాకు పాఠం చెబుతున్నావా?"

"చెప్పడం లేదు, అడుగుతున్నా. ఈ ఒక్క పూతకు ఈ మూడు వరసల్లో మందు కొట్టించకండి."

"నీకేంటి లాభం?"

"మూడు వరసల మందు తగ్గుతుంది. నాకదే చాలు."

"పోలీసుల్ని పిలుస్తా."

"పిలవండి. చేప కంపుకు ఏ కేసు పెడతారో నేనూ చూస్తా."

"అంకారావూ! పగలగొట్టు ఆ ముంతలు!"

అంకారావు చేతికర్రను వీపు వెనక్కి దాచుకున్నాడు. "పిల్లలు గలవాణ్ణి అమ్మగారూ..."

జోజమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుంది. "ఎల్లుండి మళ్ళీ వస్తా. కంపు తగ్గితే ఈగలు రావు."

చెప్పినట్టే వచ్చింది. తిట్టినా వచ్చింది. గేటుకు తాళం వేస్తే కంచె కింద నుంచి దూరి వచ్చింది. కుక్కను వదిలితే, అది చేప వాసనకు తోక ఊపుకుంటూ ఆమె వెంటే తిరిగింది.

ఆ వారంలోనే మందు కొట్టేవాళ్ళు దిగారు. చేతబడి కబురు అప్పటికే ఊరంతా పాకింది. తోటంతా కొట్టారు గానీ, ముంతలున్న మూడు వరసల్లోకి ఒక్కడూ అడుగు పెట్టలేదు. మాణిక్యమ్మ అరిచింది, బతిమాలింది. వాళ్ళు గొట్టాలు చుట్టుకుని వెళ్ళిపోయారు.

పూత రాలే రోజుల్లో ఇక ఆమె పౌరుషం ఆగలేదు. తానే వెదురుగడ పట్టుకుని ముంతలన్నీ పగలగొట్టింది.

జోజమ్మ వచ్చి పెంకులు చూసింది.

"పగలగొట్టుకోండి. వాటి పని అయిపోయింది."

మళ్ళీ రాలేదు.

మార్చిలో తోట చూడ్డానికి వెళ్ళిన మాణిక్యమ్మ గుట్ట పక్కకు వచ్చేసరికి ఆగిపోయింది. మూడు వరసల్లో గుత్తులు గుత్తులుగా పిందె. మిగతా తోటంతా ఎండిపోయిన పూత కాడలు.

ఎండ నెత్తి మీదికొచ్చేదాకా అక్కడే నిలబడింది.

"అంకారావూ, వినగడప వెళ్ళు. జోజమ్మను మర్యాదగా పిలుచుకురా. వచ్చే పూతకు తోటంతా ఆవిడ చెప్పినట్టే. మందు డబ్బా ఒక్కటీ గేటు దాటదని నా మాటగా చెప్పు."

సాయంత్రం అంకారావు ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఏం, రానందా? ఇంకా పొగరు తగ్గలేదా?"

"వస్తానందండి." అంకారావు తల దించుకున్నాడు. "పోయినేడు మన తోటలో మందు కొడుతూ పడిపోయి, ఆసుపత్రిలో ప్రాణం పోయిన వాళ్ళాయన పేరేంటో మీరు చెబితే, ఆ పూటే బయల్దేరి వస్తానంది."