పాచిపని

ఉప్పునీళ్ల గాజుతొట్టిలో ఒక పీతమ్మ ఉండేది. ఆమెకి కాలు ఒకచోట నిలిచేది కాదు. రాళ్ల మీద పాచి కనిపిస్తే చాలు, ఒళ్లు జలదరించేది. తెల్లారింది మొదలు గీకుడే గీకుడు.

"ఆ పాచి జోలికి పోకమ్మా," అనేవాడు నత్త తాత.

"మీరంటే కదలలేరు తాతా. నేను చూస్తూ ఊరుకోలేను."

వారం తిరిగేసరికి రాళ్లు తెల్లగా మెరిశాయి, నీళ్లు అద్దంలా తేరాయి. కానీ చేపలు పైకి తేలి ఆయాసపడుతున్నాయి. పీతమ్మకీ కళ్లు మండుతున్నాయి. ఇంకా మురికి ఎక్కడుందోనని తొట్టంతా గాలించింది.

"మురికి మనదే," అన్నాడు తాత. "మనం తిని వదిలేదంతా నీళ్లలోనే కరుగుతుంది. పాచిలో కాపురముండే కంటికి ఆననంత చిన్న ప్రాణులు దాన్ని తినేసేవి. ఈ ఇంట్లో పాచిపని చేసేది ఆ పాచేనమ్మా."

తాత పక్కకి జరిగాడు. ఆయన కింద ఒక నల్లటి పాచిరాయి మిగిలి ఉంది.

"దీన్నుంచి మళ్లీ అల్లుకుంటుంది. నెల్లాళ్లు నువ్వు ఊరికే కూర్చోవాలి, అంతే."

పీతమ్మ తన పది కాళ్లూ ఒక్కొక్కటే ముడుచుకుంది. పదోది ముడిచేసరికి, మొదటిది అప్పుడే నల్లరాయి వైపు పాకుతోంది.