కమ్మీ రెండో కొస

ఒకే తల్లి కడుపున పుట్టిన మా ఇద్దరిలో దేవుడు తెలివంతా తమ్ముడికే ఎందుకిచ్చాడన్న సందేహం నన్ను నలభై ఏళ్ళుగా వదల్లేదు. రోజూ దణ్ణం పెట్టుకుంటూ అదే అడిగేవాణ్ణి.

ఆరోజు తమ్ముడు తన కొత్త పుస్తకం పట్టుకుని నా కొలిమి దగ్గరికి వచ్చాడు. వేడి ఎలా పాకుతుందో తేల్చే సమీకరణాల మీద అతని జీవితకాలపు పని అది.

"నాకెందుకురా ఇది? కొలిమి రాజేసుకోడానికా?" కుళ్ళు దాచుకోలేకపోయాను.

"మొదటి పేజీ చూడన్నయ్యా."

అందులో ఒక్క వాక్యమే ఉంది. 'కాల్చిన కమ్మీ కొసను నీళ్ళలో ముంచాక, పట్టుకున్న కొస ఎందుకు చురుక్కుమంటుంది? ఇది మా అన్నయ్య ప్రశ్న.'

"చిన్నప్పుడు అడిగావు. పెద్దయ్యాక చెప్తానన్నాను. లెక్క చెయ్యడం నాకొచ్చు గానీ, ఇలాంటి ప్రశ్న నా అంతట నాకు ఒక్కటీ తట్టలేదు. నిన్ను చూసి ఎంత కుళ్ళుకున్నానో నీకేం తెలుసు?"

పటకారు పక్కన పెట్టాను.

"ఇంతకీ ఎందుకంటావు?"

"అందరూ అనుకున్నట్టు నీళ్ళు వేడిని రెండో కొసకి తోయవన్నయ్యా. ముంచకముందే బయల్దేరిన వేడి, నీ చేతిదాకా అప్పటికి చేరుతుంది."

"ఈపాటి దానికి నలభై ఏళ్ళా?" అంటూ పీట తుడిచి వేశాను. "సరే, నీ బాకీ తీరింది. కూర్చో."